దుకాణం తాళంచెవి దూరాన ఉన్నప్పుడు

షాబాన్ నెల చివరి పది రోజులు ఛత్తాబజార్ ముద్రణాలయాలకు ఊపిరి సలపని కాలం. సహర్, ఇఫ్తార్ వేళల కార్డులు, మదరసాల రసీదు పుస్తకాలు, షవ్వాల్‌లో జరగబోయే వివాహాల ఆహ్వాన పత్రికలు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మిగతా పనులు ఒక రోజు అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. సహర్ వేళల కార్డు మాత్రం వాయిదా వేయడానికి వీల్లేదు. నెలవంక ఎవరి కోసమూ ఆగదు కదా!

అలాంటి ఒక సాయంత్రాన్ని ఊహించుకోండి. మూడు కంప్యూటర్లున్న చిన్న ముద్రణాలయం. ఒకదాని మీద ఉర్దూ అక్షరకూర్పు, రెండోదాని మీద డిజైన్, మూడోదాని మీద బిల్లులు, జీఎస్టీ లెక్కలు. కాసేపు కరెంటు పోయి వచ్చింది. అంతే, అక్షరకూర్పు కంప్యూటర్‌కు ప్రింటర్ కనిపించడం లేదు. ఫైళ్లన్నీ దాచిన ఉమ్మడి ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. కంప్యూటర్లు బాగుచేసే యువకుడు మెహదీపట్నంలో ఉన్నాడు. ఆ వేళలో అఫ్జల్‌గంజ్ దాటి, నయాపూల్ మీదుగా మదీనా కూడలికి బండి మీద చేరుకోవడం ఎంత ప్రయాసో ఈ నగరవాసులకు చెప్పనక్కరలేదు. యజమాని ఫోను చేశాడు. "చాచా, తెర మీద ఒక అంకె కనిపిస్తోంది కదా, అది చదవండి" అన్నాడు ఆ యువకుడు. ఆయన చదివాడు. అనుమతి కోరుతూ తెర మీద చిన్న పెట్టె ఒకటి ప్రత్యక్షమైంది. ఆయన అంగీకరించాడు. మౌస్ బాణం తనంత తానుగా కదలసాగింది. పది నిమిషాల్లో ప్రింటర్ నుంచి కాగితం బయటికి వచ్చింది.

"అల్‌హమ్దులిల్లాహ్" అనుకొని యజమాని మళ్లీ పనిలో పడ్డాడు. అయితే ఆ పది నిమిషాల్లో నిజానికి ఏం జరిగింది? తన దుకాణంలోకి, తన లెక్కల్లోకి, తనను నమ్మి వచ్చినవారి కాగితాల్లోకి ఆయన మరొకరిని రానిచ్చాడు. వచ్చినవారు వెళ్లిపోయారా? తలుపు మళ్లీ మూసుకున్నదా? తాళంచెవి ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నది? నాలుగైదు కంప్యూటర్లతో వ్యాపారం సాగించే ప్రతి కుటుంబమూ వేసుకోవలసిన ప్రశ్నలివి.

రెల్లు కలం నుంచి తెర వరకు

దారుల్‌షిఫా, పురానీ హవేలీలకు సమీపంలోని ఛత్తాబజార్ ఒకప్పుడు కాతిబుల వీధి. పెళ్లి ఆహ్వానం రాయించాలంటే కలం పట్టిన ఉస్తాద్ ఎదుట కూర్చోవలసిందే. నస్తాలీఖ్ లిపిలో అక్షరం పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చుకుంటుంది, వాలుగా కిందికి దిగుతుంది. అందువల్ల ఆంగ్లం, తెలుగు అచ్చు అక్షరాల్లోకి మారిన చాలాకాలం వరకూ ఉర్దూ ముద్రణ చేతిరాత మీదనే ఆధారపడింది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రాత ఆధారంగా నూరీ నస్తాలీఖ్ అక్షరాలు రూపొందాయి. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక చిన్న దుకాణాలు సైతం కంప్యూటర్ కొనుక్కొని ఉర్దూ కూర్పు చేయగలిగాయి. కలం ఉన్న చోటికి కీబోర్డు వచ్చింది.

ఈ మార్పుతో పాటు మరొక మార్పు చడీచప్పుడు లేకుండా జరిగింది. కలం పాడైతే ఉస్తాద్ తానే చెక్కుకునేవాడు. కంప్యూటర్ పాడైతే బయటివారిని పిలవాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు సీపీయూ పెట్టెను ఆటోలో పెట్టుకొని తీసుకుపోయిన రోజులు చాలామంది వ్యాపారులకు గుర్తుంటాయి. ఒక్క కంప్యూటర్ ఉన్నప్పుడు అది సరిపోయింది. లాడ్‌బజార్ గాజుల దుకాణమైనా, పత్తర్‌గట్టీ వస్త్రాల దుకాణమైనా, బేగంబజార్ టోకు వ్యాపారమైనా, ఇప్పుడు నాలుగైదు కంప్యూటర్లు ఒకే రౌటర్‌కు కలిసి ఉంటున్నాయి. ఒకదానిలోని లెక్కలను మరొకటి చదువుతుంది. అన్నీ ఒకే ప్రింటర్‌ను వాడుకుంటాయి. పెట్టెను మోసుకుపోతే మిగతావీ ఆగిపోతాయి. కాబట్టి మరమ్మతు చేసేవాడే దూరం నుంచి దుకాణంలోకి రావలసి వచ్చింది.

దూరం నుంచి చేయి ఎలా చేరుతుంది?

ఈ విద్య కొత్తది కాదు. 1998లో కేంబ్రిడ్జ్‌లోని ఒక పరిశోధనశాల వీఎన్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. ఒక కంప్యూటర్ తెరను మరొక కంప్యూటర్‌లో చూపి, అక్కడి కీబోర్డు, మౌస్‌లతో దీనిని నడిపించడం దాని పని. దాదాపు అదే కాలంలో మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనూ రిమోట్ డెస్క్‌టాప్ సదుపాయం వచ్చింది. 2005లో జర్మనీలో మొదలైన టీమ్‌వ్యూయర్, ఆ తరువాత అదే దేశం నుంచి వచ్చిన ఎనీడెస్క్ ఈ పనిని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చాయి.

వీటి పనితీరును ఒక పోలికతో గ్రహించవచ్చు. మన రౌటర్ ఇంటి గడప వంటిది. లోపలివారు బయటికి వెళ్లవచ్చు గానీ బయటివారు పిలవకుండా లోపలికి రాలేరు. టీమ్‌వ్యూయర్ వంటి సాఫ్ట్‌వేర్‌లో మన కంప్యూటర్, మరమ్మతుదారుని కంప్యూటర్ రెండూ తమ తమ గడపలు దాటి మధ్యనున్న ఒక సర్వర్‌ను కలుసుకుంటాయి. మనం చదివి చెప్పిన అంకెను బట్టి ఆ సర్వర్ ఇద్దరినీ కలుపుతుంది. గడపకు రంధ్రం చేయనక్కరలేదు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. వాటి తేడా తెలిస్తే సగం విషయం తెలిసినట్లే. మొదటిది, మనం కంప్యూటర్ ఎదుట కూర్చొని ప్రతిసారీ అనుమతి ఇచ్చే పద్ధతి. పని ముగిశాక కిటికీ మూస్తే సంబంధం తెగిపోతుంది. రెండోది, శాశ్వతమైన పాస్‌వర్డ్ ఒకటి పెట్టి, మనం లేనప్పుడు కూడా మరమ్మతుదారుడు ప్రవేశించగలిగే పద్ధతి. రాత్రి దుకాణం మూశాక సవరణలు ఎక్కించడానికి ఇది ఉపయోగపడుతుంది. మొదటిది తలుపు తట్టి రావడం. రెండోది తాళంచెవి అప్పగించడం. తాళంచెవి ఇవ్వడం తప్పేమీ కాదు. ఎందరు వ్యాపారులు నమ్మకస్తుడైన పనివాడికి దుకాణం తాళంచెవి ఇవ్వడం లేదు! ఇచ్చిన సంగతి ఇచ్చినవారికి తెలియకపోవడమే ప్రమాదం. తొలిరోజున "ఇది పెట్టనివ్వండి, తరువాత సులువుగా ఉంటుంది" అన్న మాటకు తలూపిన యజమాని, అది తాళంచెవి అని ఎరగకపోవచ్చు.

మరమ్మతు వేరు, సంరక్షణ వేరు

మళ్లీ ఆ సాయంత్రానికి వద్దాం. ప్రింటర్ ఎందుకు కనిపించకుండా పోయింది? చిన్న నెట్‌వర్కుల్లో తరచుగా ఎదురయ్యే కారణమే. రౌటర్ తన కింద ఉన్న ప్రతి యంత్రానికి ఒక చిరునామా సంఖ్య ఇస్తుంది. కరెంటు పోయి వచ్చాక ఆ సంఖ్యలు మారిపోవచ్చు. మిగతా కంప్యూటర్లు మాత్రం పాత చిరునామాకే వెళ్లి తలుపు తడుతుంటాయి. కొత్త సంఖ్య ఎక్కిస్తే ఆ రోజుకు పని నడుస్తుంది. అది మరమ్మతు. ప్రింటర్‌కు, ఫైళ్లున్న కంప్యూటర్‌కు ఎప్పటికీ మారని సంఖ్యలు కేటాయించమని రౌటర్‌కే చెప్పి, రౌటర్‌ను ఒక చిన్న యూపీఎస్‌కు తగిలిస్తే ఆ ఇబ్బంది మళ్లీ రాదు. అది సంరక్షణ. దూరసేవకు డబ్బు చెల్లించేవారు కోరవలసింది ఈ రెండోది.

సంరక్షణలో మొదటి పని, దుకాణంలో ఏమేమి ఉన్నదో రాసిపెట్టడం. ఏ కంప్యూటర్ ఎప్పుడు కొన్నారు, అందులో ఏ విండోస్ ఉన్నది, ఎవరు వాడతారు, ఏ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఎప్పుడు ముగుస్తుంది అనే వివరాలు ఒక నోటు పుస్తకంలో ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. మన దుకాణంలో దాని మీద నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో తెలియకపోతే ఏది ముందు మార్చాలో నిర్ణయించలేము. విండోస్‌లోని సొంత రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా దూరం నుంచి ప్రవేశించాలంటే ఆ కంప్యూటర్‌లో ప్రో తరగతి విండోస్ ఉండాలి. హోమ్ తరగతిలో ఆ సౌకర్యం లేదు. కొత్తది కొనేటప్పుడే ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

రెండో పని, భద్రతా సవరణలను ఎప్పటికప్పుడు ఎక్కించడం. దీనిని నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2017 మే 12న ప్రపంచం చూసింది. వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. అది వ్యాపించిన మార్గం, మన దుకాణాల్లో ఉమ్మడి ఫోల్డర్ కోసం వాడుకునే విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపమే. ఆ లోపాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. ఎక్కించుకున్నవారు క్షేమంగా ఉన్నారు. "తరువాత చూద్దాం" అనుకున్నవారు నష్టపోయారు.

సవరణలకూ సమయం, సందర్భం చూడాలి. జీఎస్టీ పత్రాలు నెలనెలా దాఖలు చేసేవారికి 11వ తేదీన ఒక గడువు, 20వ తేదీన మరొక గడువు ఉంటాయి. ఆ ముందురోజు రాత్రి లెక్కల కంప్యూటర్‌ను కదిలించడం వివేకం కాదు. ముందుగా ఒక కంప్యూటర్‌లో ఎక్కించి, రెండు రోజులు పనితీరు చూసి, మిగతావాటిలో ఎక్కించడం నేర్పరుల పద్ధతి. ఉర్దూ కూర్పు కోసం పాత సాఫ్ట్‌వేర్‌నే వాడుతున్న ముద్రణాలయాలకు ఈ జాగ్రత్త మరింత అవసరం.

మూడో పని, రోజువారీ పనికి సాధారణ ఖాతా, సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి అడ్మిన్ ఖాతా అని రెండూ వేరువేరుగా ఉంచడం. పనివాడు పొరపాటున ఏదైనా నొక్కినా, అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండా దుష్ట ప్రోగ్రాం యంత్రమంతా ఆక్రమించడం కష్టమవుతుంది. ఈ చిన్న ఏర్పాటుకు ఖర్చు ఏమీ లేదు.

నీరు నేర్పిన పాఠం

నాలుగో పని బ్యాకప్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే.

2020 అక్టోబరు 13న కురిసిన కుండపోతను పాతబస్తీ మరచిపోలేదు. ఫలక్‌నుమా వైపు అల్‌జుబైల్ కాలనీ నీట మునిగింది. కొన్ని రోజులకే గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్‌లోకి వరద వచ్చింది. ఇళ్లలోకి, దుకాణాల్లోకి నీరు చేరినప్పుడు కంప్యూటర్ ఏమవుతుంది? బల్ల కింద ఉంచిన సీపీయూ ముందుగా మునుగుతుంది. దాని పక్కనే సొరుగులో పెట్టిన బ్యాకప్ డిస్కు కూడా దానితో పాటే మునుగుతుంది. సొరుగులోని నకలు డిస్కు పాడైనప్పుడు ఆదుకుంటుంది గానీ వరద, అగ్నిప్రమాదం, దొంగతనం వంటివాటి నుంచి కాపాడలేదు.

అందుకే నిపుణులు మూడు–రెండు–ఒకటి అనే సూత్రం చెబుతారు. ముఖ్యమైన ప్రతి ఫైలూ మూడు చోట్ల ఉండాలి. రెండు వేరువేరు రకాల సాధనాల్లో ఉండాలి. ఒకటి తప్పనిసరిగా దుకాణానికి దూరంగా ఉండాలి. ఆ దూరపు నకలు ఇంటర్నెట్ ద్వారా రాత్రివేళ తనంత తానే వెళ్లేటట్టు ఏర్పాటు చేయవచ్చు. లేదా వారానికొకసారి జుమా రోజున ఒక డిస్కును ఇంటికి తీసుకుపోయి మరొకదానిని తెచ్చి పెట్టవచ్చు. ఎప్పుడూ తగిలించి ఉంచే డిస్కుకు ఒక లోపం ఉన్నది. ఫైళ్లకు తాళం వేసే దుష్ట ప్రోగ్రాం వచ్చిన రోజున అది ఆ డిస్కుకూ తాళం వేస్తుంది.

బ్యాకప్ తీసుకుంటే సరిపోదు, తిరిగి తెరిచి చూడాలి. నెలకొకసారి "పోయిన నెల పదో తేదీ బిల్లుల ఫైలు తెరిచి చూపించు బాబూ" అని మరమ్మతుదారుని అడగండి. చూపించగలిగితే బ్యాకప్ ఉన్నట్టు. చూపించలేకపోతే ఇన్నాళ్లూ ఉన్నదని అనుకున్నాం, అంతే.

మూయని తలుపులు

దూరం నుంచి రావడానికి కొందరు అడ్డదారి తొక్కుతారు. విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ 3389 అనే ద్వారం గుండా పనిచేస్తుంది. ఆ ద్వారాన్ని రౌటర్‌లో నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెడితే మరమ్మతుదారునికి సులువే. కానీ ఆ ద్వారాలు ఎక్కడెక్కడ తెరిచి ఉన్నాయో వెదికే ప్రోగ్రాములు ప్రపంచమంతటా రేయింబవళ్లు తిరుగుతుంటాయి. తెరిచిన ద్వారం కనిపిస్తే పాస్‌వర్డు తరువాత పాస్‌వర్డు ప్రయత్నిస్తూ పోతాయి. దుకాణం పేరో, ఫోను నంబరో పాస్‌వర్డుగా పెట్టుకున్నవారి గతి ఏమిటో ఊహించవచ్చు. ఆ ద్వారం మూసి, వీపీఎన్ అనే మరుగుదారి గుండా మాత్రమే లోపలికి రానివ్వడం సరైన పద్ధతి. ఈ రోజుల్లో ఒక మోస్తరు రౌటర్లలో కూడా ఆ సౌకర్యం ఉంటున్నది.

మన నగరంలోనే జరిగిన ఒక సంఘటన చూడండి. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి సైబర్ నేరగాళ్లు రూ.12.48 కోట్లు మళ్లించారు. పోలీసుల దర్యాప్తులో బయటపడిన క్రమం ఆలోచింపజేసేది. 2021 నవంబరులోనే బ్యాంకు ఉద్యోగులకు సుమారు 200 మోసపూరిత ఈమెయిళ్లు వచ్చాయి. తెరిచినవారి ద్వారా రిమోట్ యాక్సెస్ ట్రోజన్ అనే దొంగ ప్రోగ్రాం లోపలికి చేరింది. దొంగలు తొందరపడలేదు. లోపల ఉండి, ఎవరు ఏ మీటలు నొక్కుతున్నారో గమనిస్తూ వారాల తరబడి వేచి ఉన్నారు. మన యువకుడు ప్రింటర్ బాగుచేసిన విద్య, ఆ దొంగలు వాడిన విద్య మూలంలో ఒక్కటే. ఒకరు అనుమతితో వచ్చారు, మరొకరు లేకుండా వచ్చారు. తేడా అదే.

కొన్నిసార్లు సంరక్షకుని చేతిలోని సాధనమే దారి అవుతుంది. 2021 జూలై 2న అమెరికాకు చెందిన కసేయా సంస్థ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని నేరగాళ్లు వాడుకున్నారు. చిన్న వ్యాపారాల కంప్యూటర్లను దూరం నుంచి సంరక్షించే సంస్థలు ఆ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. వాటి గుండా 1,500 వరకు వ్యాపారాలు దెబ్బతిన్నాయి. స్వీడన్‌లో కూప్ అనే కిరాణా సంస్థ బిల్లు యంత్రాలు పనిచేయక వందలాది దుకాణాలను మూసుకోవలసి వచ్చింది. ఆ దుకాణదారులు చేసిన తప్పేమీ లేదు. వారి సంరక్షకుల సాధనంలో లోపం ఉంది. ఎంత నమ్మకస్తుని చేతిలో తాళంచెవి పెట్టినా, మన బ్యాకప్ మన చేతిలో వేరుగా ఉండాలన్న మాటకు ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

ఇక ఇంట్లోని ఆడవారు, పెద్దవారు, పిల్లలు అందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఖాతా ఆగిపోతుంది, ఈ యాప్ పెట్టుకొని అంకె చెప్పండి" అని ఫోను వస్తుంది. అది దూరసేవ వేషం వేసుకున్న దోపిడీ. ఈ విధమైన మోసం గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. సూత్రం చాలా సులువైనది. మనం ఫోను చేసి పిలిచినవారికే అంకె చెప్పాలి. తామే ఫోను చేసి అడిగినవారికి ఎన్నడూ చెప్పరాదు. పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచకుండా, వెంటనే ఇంటర్నెట్ తీగ పీకేసి 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చూపు కూడా ప్రవేశమే

దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరా ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొందకుండా, సలాం చేయకుండా ప్రవేశించరాదని ఆదేశిస్తుంది. తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలని కూడా బోధిస్తుంది. అనుమతి అడగాలన్న నియమం చూపు కారణంగానే ఏర్పడిందని దైవప్రవక్త (స) వివరించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అంటే గడప దాటితేనే ప్రవేశం కాదు, తొంగిచూడడం కూడా ప్రవేశమే. తెరను దూరం నుంచి చూసే ఈ కాలపు పనికి ఇంతకన్నా సూటిగా వర్తించే మర్యాద మరొకటి ఉంటుందా?

ముద్రణాలయం కంప్యూటర్‌లో ఏముంటాయో ఆలోచించండి. పెళ్లికూతురి ఇంటి చిరునామా, తేదీ, ఫోను నంబర్లు. ఆధార్ నకళ్లు. ఫోటో ఆల్బం చేయించడానికి ఇచ్చిన ఆడవారి ఛాయాచిత్రాలు. దర్జీ దుకాణంలో కొలతలు, క్లినిక్‌లో రోగుల వివరాలు, కిరాణాలో ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న లెక్క. ఇవేవీ దుకాణదారుని సొత్తు కావు, ఇతరులు ఆయన వద్ద ఉంచిన అమానత్. తన సొంత వస్తువును ఎవరికి చూపించాలో మనిషి తానే నిర్ణయించుకోవచ్చు. అమానత్‌ను చూపించే హక్కు మాత్రం ఆయనకు లేదు.

కాబట్టి దూరసేవ మొదలయ్యే ముందు తెర మీద తెరిచి ఉన్న ఇతర కిటికీలు మూసివేయాలి. ఖాతాదారుల ఫోటోలను వేరే ఫోల్డర్‌లో ఉంచి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టాలి. పని ముగిసిన ఫోటోలను తిరిగి ఇచ్చి, మన కంప్యూటర్ నుంచి తుడిచివేయాలి. మరమ్మతు జరుగుతున్నంతసేపూ దుకాణంలోని ఒకరు తెర ఎదుట కూర్చోవాలి. ఇది మరమ్మతుదారుని అనుమానించడం కాదు. రేపు ఏదైనా తేడా వస్తే అతడి మీద నింద పడకుండా కాపాడే సాక్ష్యం అది.

మరమ్మతు వృత్తిలో ఉన్న మన యువకులకూ ఇదే మాట. పాతబస్తీలో ఈ పనితో జీవనం సాగించేవారు ఎందరో ఉన్నారు. ఒక్కొక్కరి ఫోనులో ఇరవై, ముప్ఫై దుకాణాల పాస్‌వర్డులు ఉండవచ్చు. ఆ ఫోను పోతే అన్ని దుకాణాల తాళంచెవులూ పోయినట్టే. ప్రతి దుకాణానికి వేరే పాస్‌వర్డ్, వాటన్నిటినీ భద్రపరచే పాస్‌వర్డ్ మేనేజర్, ప్రవేశానికి రెండంచెల ధ్రువీకరణ అనే మూడూ ఈ వృత్తికి కనీస అర్హతలు. లోపలికి వెళ్లే ముందు చెప్పడం, అవసరమైనది మాత్రమే తెరవడం, చేసిన పనిని రెండు వాక్యాల్లో రాసి పంపడం అనేవి మంచి పేరు తెచ్చే అలవాట్లు.

కాగితం మీద నాలుగు మాటలు

అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవాలని బఖరా సూరా విశ్వాసులను ఆదేశిస్తుంది. ఇచ్చిపుచ్చుకునేవారి మధ్య సందేహానికి తావు లేకుండా చేయడమే అందులోని మేలు. దూరసేవకూ ఒక చిన్న ఒప్పందం రాసుకోవడం ఉభయులకూ క్షేమం. నెలకు ఎంత, ఏయే పనులకు, ఏ వేళల్లో ప్రవేశం, బ్యాకప్ బాధ్యత ఎవరిది, పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉంటాయి అనేవి అందులో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, సేవ మానుకున్న రోజున తాళంచెవి ఎలా తిరిగి ఇవ్వాలో రాసుకోవాలి. కొత్త మరమ్మతుదారుడు వచ్చిన రోజునే పాత ప్రవేశాలన్నీ తొలగించి, రౌటర్‌తో సహా అన్ని పాస్‌వర్డులూ మార్చాలి. అల్లుడి స్నేహితుడు, పక్క దుకాణం భాయ్ అని మొహమాటపడితే, ఎప్పుడో పెట్టిన ప్రవేశం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అడ్మిన్ పాస్‌వర్డుల జాబితా ఒక కవరులో పెట్టి ఇంటి అల్మారాలో ఉంచాలి. ఆ మనిషి అందుబాటులో లేకపోయినా వ్యాపారం ఆగకూడదు.

దూరసేవ చేయలేని పనులూ ఉన్నాయని ఒప్పుకోవాలి. రౌటరే ఆగిపోతే దూరం నుంచి ఎవరూ రాలేరు. ఎలుక కొరికిన తీగను, ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని, ఫ్యానులో పేరుకున్న దుమ్మును చేత్తోనే సరిచేయాలి. అందువల్ల దుకాణంలో ఒక్కరైనా, పదో తరగతి చదివే కుమారుడో కుమార్తో అయినా సరే, రౌటర్ ఆపి మళ్లీ పెట్టడం, ఏ తీగ ఎక్కడిదో గుర్తుపట్టడం నేర్చుకొని ఉండాలి. మూడు నెలలకొకసారి మరమ్మతుదారుడు స్వయంగా వచ్చి చూసిపోయేటట్టు ఒప్పందంలోనే రాసుకోవచ్చు.

సముద్రం అవతల నుంచి ఒక చేయి

పాతబస్తీ కుటుంబాల్లో మరొక రకం దూరసంరక్షకులు ఉన్నారు. జిద్దాలోనో, రియాద్‌లోనో ఉద్యోగం చేసే కుమారుడు. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయితే అక్కడ ఏడు. పని ముగించుకొని గదికి చేరి, "అబ్బాజాన్, కంప్యూటర్ ఆపకండి, నేను చూస్తాను" అంటాడు. నెలాఖరు లెక్కలు సరిచూస్తాడు, బ్యాకప్ వెళ్లిందో లేదో చూస్తాడు, తమ్ముడు పొరపాటుగా వేసిన బిల్లును దిద్దుతాడు. డబ్బు పంపడంతో పాటు ఇంటి వ్యాపారానికి తన చేయి కూడా అందించగలగడం ఈ కాలం ఇచ్చిన వరం.

అయితే ఇక్కడ కూడా అనుమతి మర్యాద అవసరమే. కుమారుడు శాశ్వత ప్రవేశం పెట్టుకుంటే ఆ సంగతి తండ్రికి తెలియాలి. గదిలో నలుగురూ వాడే కంప్యూటర్ నుంచి కాక, తన సొంత యంత్రం నుంచే రావాలి. తండ్రి అడగకుండా లెక్కలు మార్చరాదు. నలభై ఏళ్లుగా దుకాణం నడిపిన పెద్దాయనకు, ఎక్కడి నుంచో ఎవరో తన తెర మీద బాణం కదిలించడం మనసుకు కష్టంగా తోచవచ్చు. "ఈ మార్పు చేయమంటారా?" అన్న ఒక్క మాట ఆయన గౌరవాన్ని నిలబెడుతుంది. పని నేర్పుతూ చేస్తే మరీ మంచిది.

ఈ వ్యాసం చదివిన రాత్రే దుకాణం కంప్యూటర్ ఎదుట పది నిమిషాలు కూర్చోండి. ఏయే దూరసేవ సాఫ్ట్‌వేర్లు అందులో ఉన్నాయో చూడండి. వాటిలో శాశ్వత పాస్‌వర్డ్ పెట్టి ఉన్నదా, ఎవరు పెట్టారు, ఇప్పుడు వారితో మీకు పని ఉన్నదా అని ఒక్కొక్కటిగా అడగండి. జవాబు తెలియని ప్రతి ప్రవేశాన్నీ తొలగించండి. షట్టరు దించాక తాళాన్ని ఒకసారి లాగి చూడకుండా ఏ దుకాణదారుడూ ఇంటికి వెళ్లడు. ఈ తాళాన్ని కూడా అలాగే లాగి చూడాలి.